దేవదత్తుడి లావు

“తెడ్డు కింద పెట్టు హనుమంతమ్మా. రేపట్నుంచి నువ్వు రావద్దు.”

గంజి కేంద్రం పెత్తనం చూసే శ్రీరంగప్ప మాటకు వరుసలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. శింగనమల చెరువు కరువుకు ఎండి నెర్రెలిచ్చిన ఏడు అది.

హనుమంతమ్మ తెడ్డు వదల్లేదు. “ఏం తప్పు చేసినా అయ్యవారూ?”

“అందరికీ పోసినాక నీ వంతు చెంబులో తీసుకోని దడి వెనక్కి పోతావు. అవునా?”

“అవును. మొగుడు పోయినదాన్ని, నలుగురిలో కూచోని తింటానా?”

“ఊరంతా అదే గంజి తాగి ఎండిపోతాంది. నువ్వొక్కదానివే నిండుతాండావు.”

“నిజమే సామీ,” అన్నాడు వరుసలోంచి పుల్లన్న. “బుగ్గలు చూడు, బోండాల మాదిరి.”

శ్రీరంగప్ప తర్కం చదివినవాడు. గుడి మండపంలో శాస్త్రం చెప్పే గొంతుతోనే ఇక్కడా చెప్పాడు. “అన్నీ కంటితో చూస్తేనే తెలిసేవి కావు. దేవదత్తుడు పగలు తినడు. అయినా లావుగా ఉండాడు. అంటే రాత్రి తింటాండాడని తెలుసుకోవాల. దీన్ని అర్థాపత్తి అంటారు.”

“ఎవురప్పా ఆ దేవదత్తుడు? గార్లదిన్నె వాడా?” అన్నారెవరో వరుసలోంచి.

కొందరు నవ్వారు. శ్రీరంగప్ప నవ్వలేదు. “జొన్నపిండి మూటల కాడ ఒంటరిగా ఉండేది నువ్వే. తింటాంటే నేను చూడలేదు. చూడాల్సిన పని గూడా లేదు.”

“నేను తినలేదు అయ్యవారూ.”

“మరి ఆ ఒళ్ళు యాడినుంచి వచ్చింది?”

వరుస చివర నిలబడిన రసూల్‌బీ, చంకలోని బిడ్డను కొంగుతో కప్పుకుంది.

హనుమంతమ్మ తెడ్డును కాగు మీద అడ్డంగా పెట్టింది. వంగి, పాదం మీద చిందిన గంజిని బొటనవేలితో గట్టిగా తుడిచింది. వేలు తీశాక అక్కడ గుంట మిగిలింది. ఆమె నిలబడి కొంగు సర్దుకుంది. గుంట అలాగే ఉంది.

శ్రీరంగప్ప దాన్నే చూస్తున్నాడు.

రసూల్‌బీ వరుస దాటి వచ్చింది. “దడి వెనక ఆ చెంబు తాగేది నా బిడ్డ సామీ. ఆమె ముట్టను గూడా ముట్టదు.” కింద కూర్చుని హనుమంతమ్మ పాదాన్ని చేత్తో తడిమింది. “ఇది కండ గాదు, పస్తులకు పట్టిన నీరు. మా అమ్మ గూడా పోయే ముందు ఇట్లే లావైనాది.”