పదకొండు సైట్ల శాసనం

ఇంటర్నెట్‌లో చరిత్ర పేరు చెప్పి ఎవడైనా అబద్ధం రాస్తే నా ముక్కు మూడు కిలోమీటర్ల దూరం నుంచే పసిగడుతుంది. ఆ గొప్ప విని, పెదనాన్న కూతురు విలుజెంగ్ అక్క మలాంగ్ నుంచి బస్సెక్కి త్రొవులాన్‌లో మా ఇంటికొచ్చింది.

లాప్‌టాప్‌లో ఒక ఫొటో చూపించింది. గుండ్రటి నల్లరాయి. పాత జావా లిపిలో నాలుగు వరుసలు. అంచున ఎర్రటి మరక. ఒకప్పుడు ఇక్కణ్ణుంచే జావాని ఏలిన మజాపహిత్ వంశపు రాణి తన వంటమనిషికి మూడు ఊళ్ళు రాసిచ్చిన శాసనమట.

"అసలైనదే అక్కా. ఆ మరక బలి రక్తం."

"నీకెలా తెలుసు?"

"సైట్లో ఉందిగా."

"అదేరా నా అనుమానం! పదకొండు సైట్లు చూశాను. అన్నిట్లో ఇదే ఫొటో, ఇవే మాటలు. త్రొవులాన్‌లో దొరికిందంటారు. ఇప్పుడెక్కడుందో ఒక్కడూ చెప్పడు. నీ ముక్కుకేం వాసన రాలేదా?"

జలుబు చేసిందన్నాను.

సోమవారం అక్క థీసిస్ పరీక్ష. ఒక అధ్యాయం మొత్తం ఆ రాయి మీదే నిలబడింది. రాయి ఎక్కడుందో చెప్పకపోతే డిగ్రీ లేదని ప్రొఫెసర్ తేల్చేశాడట. ఇటుకబట్టీల వాళ్ళని, మ్యూజియం కాపలాదారుని, చివరికి మసీదు ముందు మేకల్ని కూడా అడిగాం. ఎవరికీ తెలియదు.

"ఇక బయల్దేరక్కా, బస్సు పోతుంది."

"అరగంటకో బస్సుంది. ఎందుకురా నన్ను తరుముతున్నావ్?"

"తినకుండా ఎక్కడికే?" వంటింట్లోంచి మామ్మ కేకేసింది.

ఎర్ర మిరపకాయలతో సంబల్ పచ్చడి నూరి పెట్టింది. అక్క కన్నీళ్ళు కారుస్తూ రెండుసార్లు వడ్డించుకుంది. భోజనాలయ్యాక మామ్మ నూరే రాయిని కడిగి, ఎండలో గోడకి ఆనించబోయింది.

నేను పరుగెత్తాను. "నేను పెడతాలే మామ్మా!"

"నువ్వు తిప్పి పెడతావ్. అడుగు ఆరొద్దూ?" అంటూ మామ్మ అక్క వైపు తిరిగింది. "వీడు బంగారమే! ఏడో తరగతి సెలవుల్లో, రాయి జారకుండా అడుగున ఈ గీతలన్నీ మేకుతో గీసిపెట్టాడు. ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నాడు."

అక్క రాయి ముందు కూర్చుంది. నాలుగు వరుసలూ వేలితో తడిమింది. తర్వాత నన్ను చూసింది.

"ఆ పదకొండు సైట్లూ నీవేనట్రా?"

"ఒట్టక్కా, అందులో పది నావి కావు."