కొండెక్కిన బాతు

మేకలు కొండెక్కడానికి బయల్దేరుతూ, ఎప్పుడూ రానిదని బాతును కూడా రమ్మన్నాయి. అవి ప్రతి మలుపులోనూ ఆగి, నీడన పడుకుని దానికోసం చూసేవి. అది రొప్పుతూ రాగానే పెద్దమేక లేచేది.

"వచ్చేశావా? ఇక పదండర్రా!"

సగం కొండకి బాతుకు ఒళ్లు మండింది. "ఏం పెద్దమ్మా, ఆగింది నాకోసమా, మీ కాళ్లకోసమా? నేను రాగానే మీరు లేస్తే, నేనెప్పుడు కూర్చోవాలి?"

"నీవల్లే ఇంత ఆలస్యం. పైగా నోరొకటి!" అని కసిరింది పెద్దమేక.

దిగేటప్పుడు అవతలి దారిలో వాగు అడ్డొచ్చింది. బాతు చకచకా ఈది, గట్టున రెక్కలు చాపుకుని పడుకుంది. మేకలు మునుగుతూ తేలుతూ, వణుక్కుంటూ ఒడ్డెక్కాయి. పెద్దమేక మోకాళ్లు మడవబోయింది.

బాతు దిగ్గున లేచింది.

"వచ్చేశావా పెద్దమ్మా? ఇక పదండర్రా!"