డ్యూయీ చేతి చలవ

"చూడకముందే చెబుతున్నా ఎల్డన్. పొగ వడకట్టే డబ్బా పీకించి ఉంటే వారంటీ కింద కంపెనీ ఒక్క సెంటు కూడా ఇవ్వదు. కొత్త ఇంజన్ ఖర్చంతా నీ నెత్తినే పడుతుంది," అంది సర్వీస్ మేనేజర్ కోలీన్, టార్చి వెలిగిస్తూ.

డీజిల్ ట్రక్కు లిఫ్టు మీద గాల్లో ఉంది. ఎల్డన్ టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంతకంటే నిబ్బరంగా ఉంటాడు. బండి ఇంకా జోరుగా లాగుతుందని, ఊళ్ళో మెకానిక్ డ్యూయీ షెడ్డులో అతను ఆ డబ్బా పీకించి రెండేళ్ళయింది. ఈ పొద్దున డీజిల్ పంపు పగిలి, ఇనుప రజనంతా ఇంజన్లోకి పోయింది. చుట్టుపక్కల పశువుల క్షేత్రాల దూడల్ని మైల్స్ సిటీ సంతకి తోలే కాలం వచ్చే వారమే మొదలు. ఏడాది తిండి ఆ బాడుగలోనే ఉంది. ఇంజన్ సొంతంగా కొనాలంటే ట్రెయిలరుతో పాటు మందలో సగం అమ్ముకోవాలి.

"కోలీన్, నువ్వు చూసేలోపు ఒక మాట..." అని మొదలుపెట్టాడు.

పక్కనే నిలబడ్డ భార్య వెర్నా బూటుతో అతని కాలు తొక్కింది. "పొద్దుట్నించీ కాఫీ పడలేదమ్మా ఆయనకి. అందుకే వాగుతున్నాడు. నువ్వు చూడు."

"నిజం చెప్పేస్తే కనీసం పరువైనా దక్కుతుందే," గొణిగాడు ఎల్డన్.

"నీ పరువు సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. నోరు మూసుకో."

కోలీన్ బండి కిందికి దూరింది. తర్వాత కంప్యూటర్ తగిలించి చాలాసేపు చూసింది. ఆలోగా ఎల్డన్ మనసులోనే ఆవుల్ని అమ్మేశాడు.

"అన్నీ ఉన్నాయి," అంది కోలీన్ చివరికి.

"ఏవి?"

"ఏవంటావేంటయ్యా? డబ్బా, సెన్సర్లు, అన్నీ! ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు బిగించినట్టే ఉంది. పొగ శుభ్రం చేసే యూరియా నీళ్ళు కూడా ట్యాంకులో మెడ దాకా ఉన్నాయి. బండిని ఇంత శ్రద్ధగా చూసుకునే మగాణ్ణి ఈ కౌంటీలో నిన్నే చూశా. ఇంజన్ వారంటీలోనే వేస్తాం. అందాకా మా ట్రక్కు తీసుకెళ్ళి దూడల్ని తోలుకో."

ఎల్డన్ మెడ ఎత్తి ట్యాంకు వైపు చూశాడు. రెండేళ్ళలో అతను ఒక్క క్యాను యూరియా నీళ్ళు కొన్న పాపాన పోలేదు.

తిరుగుదారిలో కోలీన్ ఇచ్చిన ట్రక్కుని వెర్నా నడిపింది. ఊరి పొలిమేర దాటాక ఎల్డన్ ఆమె వైపు తిరిగాడు.

"ఆ నీళ్ళు ఎవరు పోశారు?"

"నువ్వు మాత్రం పోయలేదు."

"వెర్నా!"

"నువ్వు బండి డ్యూయీ దగ్గర వదిలొచ్చిన రోజే నేనూ వెళ్ళా. 'డబ్బా పీకావంటే నీ తోలు పీకుతా, పీకకపోతే చెర్రీలు కూరిన పై ఒకటి నెలనెలా వండి పంపుతా' అన్నా. అప్పట్నించీ చర్చిలో నువ్వు కునుకు తీస్తుంటే నేను బయటికొచ్చి ట్యాంకు నింపుతున్నా."

"మరి డాష్‌బోర్డు మీద ఆ డబ్బా దీపాలు? డబ్బా పీకినా ఊరికే వెలుగుతుంటాయి, పట్టించుకోకన్నాడే డ్యూయీ!"

"ఆ మాట చెప్పమన్నది నేనే."

"మరి ఆ గర్జన? ఎద్దులా లాగుతోందని కాఫీ హోటల్లో అందరికీ చెప్పానే!"

"పొగగొట్టం చివర జానెడు ముక్క కోశాడు, శబ్దం కోసం. లాగిందంతా నీ నోరే."

"నాకొక్క మాట చెప్పుండాల్సింది."

"చెబితే ఇంకొకడి దగ్గరికెళ్ళి పీకించేవాడివి."

అది నిజం. ఎల్డన్‌కి నవ్వు రాలేదు, కళ్ళు చెమర్చాయి. "నువ్వు లేకపోతే మట్టిగొట్టుకుపోయేవాణ్ణే. ఇల్లు నిలబెట్టావు," అన్నాడు.

"తెలుసులే. ముక్కు తుడుచుకో," అంది వెర్నా. కానీ తన రుమాలు తీసి అతని ఒళ్ళో పడేసింది.

"డ్యూయీ షెడ్డు దగ్గర ఆపు. వాడికీ దండం పెట్టాలి."

ఎల్డన్ ఒక్కడే లోపలికి రావడం చూడగానే డ్యూయీ బల్ల వెనక్కి నక్కాడు. "కొట్టకు ఎల్డన్! వెర్నా చెప్పింది, నేను చేశాను!"

"కొట్టడమేంట్రా పిచ్చోడా!" ఎల్డన్ అతన్ని లాక్కుని గట్టిగా వాటేసుకున్నాడు. "నీ చేతి చలవరా! నీ వల్ల నా వారంటీ నిలిచింది. ఈ ఏడు ఒక కోడెదూడని కోయించి, మాంసమంతా నీ ఫ్రీజర్లో పెట్టిస్తా."

"ఫ్రీజర్లో చోటెక్కడిదీ?" డ్యూయీ సిగ్గుపడుతూ మూత ఎత్తాడు.

లోపల అంచు దాకా పైలే. ఆపిల్, చెర్రీ, గుమ్మడి. ఊళ్ళో ట్రక్కున్న ప్రతి ఇంటివీ ఉన్నట్టున్నాయి.

"అందరి పెళ్ళాలూ వచ్చారా?" ఎల్డన్ గుడ్లు తేలేశాడు. "ఇంతమంది ఆడవాళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకున్నావా! నువ్వు మనిషివి కాదురా, దేవుడివి. అయితే పీకింది ఒక్క రస్టీ బండికేనన్నమాట. వాడికి పెళ్ళాం లేదుగా."

"వాడిదీ పీకలేదు. ఆయిల్ మార్చడానికొచ్చినప్పుడల్లా నేనే నీళ్ళు పోసి పంపిస్తున్నా."

"వాడి తరఫున నీకు పై ఇచ్చే దిక్కు కూడా లేదే! మరి నీకేం పట్టింది?"

డ్యూయీ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఒట్టేసి చెబుతున్నా, వెర్నాతో అనకు. అసలు ఆ డబ్బా ఎలా పీకాలో నాకు తెలిస్తే కదా!"