తుడిచిన పలక

“పలక ఎవరు తుడిచిన్రు?”

ఐలేశం పంతులు గొంతు పెంచలేదు. బడిలో కూడా పెంచడు. అయినా నేల అలుకుతున్న సైదమ్మ చేయి ఆగిపోయింది.

గూట్లో దీపం పక్కన పలక నల్లగా ఉంది. ఇంకా తడి ఆరలేదు. పొద్దున ఆయన బడికి పోయేటప్పుడు దాని మీద బాలనర్సమ్మ రాసింది ఉంది. గత్తర, అదే కలరా, సోకి వాంతులు మొదలుకాక ముందు, ఆయన బిడ్డ రాసిన ఆఖరి రాత అది.

“నేను ముట్టలే పంతులూ. నేల తప్ప ఏం ముట్టలే.”

“నిన్ను ఈ గడప ఎవరు తొక్కనిచ్చిన్రు? నీ ఇంట్ల కుండనీళ్లు తాగే కద నా బిడ్డ పోయింది.”

సైదమ్మ పేడచేతులతోనే లేచి నిలబడింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పంతులు అన్నాడు కాబట్టి ఊరంతా అదే అంటోంది. వానలు పడి నాట్లు మొదలైనా ఆమెను ఎవరూ పనికి పిలవలేదు.

“మేం గూడ కాచిన నీళ్లే తాగినం,” అంది. “పాతబాయిల గత్తర ఉన్నది, ఎవ్వరు తాగొద్దని సర్కారు హుకుం సదివి ఇనిపిచ్చింది నువ్వే. పటేలు బాయికి అడ్డం ముండ్లకంప కొట్టిచ్చిన కాన్నుంచి మేం అటు దిక్కే పోలే.”

“నేనే పిలిచిన దాన్ని,” అంటూ లోపలి నుంచి సోమమ్మ వచ్చింది. “పలక గూడ నేనే తుడిచిన.”

పంతులు భార్య వైపు తిరిగాడు.

బడిలో ఆయన చెప్పేది ఉర్దూ. బిడ్డకు తెలుగు మాత్రం ఇంట్లోనే, ఈ పలక మీద నేర్పాడు. పండుకోబోయే ముందు ఆ రోజు తను చేసింది ఒకటి రాయాలి. మంచయినా సరే, తప్పయినా సరే, అబద్ధం మాత్రం రాయకూడదు. తెల్లారి దాన్ని తుడిచేయాలి. పిల్ల పోయాక తుడవడానికి ఎవరికీ చేయి రాలేదు. దీపం పెట్టగానే సోమమ్మ పలక తెచ్చి ఆయన ముందు పెట్టేది. ఆయన చదివేవాడు: “ఇయ్యాల అమ్మ తల దువ్వితే ఏడ్వలే.” చదువు రాని సోమమ్మ అక్షరాల కింద వేలు జరుపుతూ వినేది. ఆయన చదవడం అయిపోయాక కూడా ఆ వేలు ఇంకా కొంతదూరం పోయేది.

“ఎందుకు తుడిచినవు?”

“పిల్లకు నువ్వే చెప్తుంటివి గద. నిన్నటిది తుడిస్తేనే ఇయ్యాలటిది పడ్తదని.”

“దాని చేతిరాత అదొక్కటే మిగిలుండె.”

“నాకెరుక లేదా? నీకొక్కనికేనా బిడ్డ?”

“నేను పోత అక్కా,” అంది సైదమ్మ. “మీరు మీరు సూసుకోన్రి.”

“ఉండవే. నీ పనే ఉంది.” సోమమ్మ భర్త వైపు చూసింది. “పలక మీద ఏముండెనో ఇంకొక్కసారి చెప్పు.”

ఖాళీ పలక వైపే చూస్తూ ఆయన చెప్పాడు. “ఇయ్యాల అమ్మ తల దువ్వితే ఏడ్వలే.”

“ఆ దినం నేను దువ్వలే.”

పంతులు భుజం మీది కండువా సర్దుకున్నాడు.

“పల్లికాయ తెంపనీకి పోయిన. నేనొచ్చేసరికి పండుకున్నది, జుట్టు చింపిరి చింపిరిగనే ఉండె. నువ్వు సదువుతుంటె దువ్విననే అనుకున్న. గట్ల అనుకుంటె మనసుకు మంచిగుండె.”

“చిన్నపిల్ల. ఏదో రాసి ఉంటది.”

“అబద్ధం రాయదు. నువ్వు నేర్పలే దానికి.”

సోమమ్మ గూట్లోంచి బలపం తీసింది. పలక ఒళ్లో పెట్టుకుని దీపం దగ్గర కూర్చుంది.

“అక్షరం రానిదానివి, ఏం గీకుతవు?”

“నువ్వు బడికి పోయినంక బిడ్డ పొయ్యికాడ బూడిదల దిద్దిపిచ్చేది నాతోని. తప్పు రాస్తె పంతులమ్మ లెక్క చెవు మెలిపెట్టేది.” సోమమ్మ పెదవి కొంచెం కదిలింది. “నీకు చెప్పొద్దన్నది. దసరాకు నీ పేరు రాసి సూపియ్యాలని ఉండె దానికి. ఆ అక్షరాలతోనే ఇయ్యాల పలక మీది రాత కూడబలుక్కుంట సదివిన.”

ఆమె రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరాన్ని లోలోపల పలుకుతూ, ఆగుతూ, మళ్లీ రాస్తూ. అక్షరాలు పెద్దగా, వంకరగా పలక చివరిదాకా పోయి కిందికి దిగాయి. సైదమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. మొదటి మాట కనిపించగానే పంతులు ద్వారబంధం పట్టుకున్నాడు.

సోమమ్మ లేచి పలక ఆయన చేతిలో పెట్టింది.

“బిడ్డ రాతను నీ మీదికి సాచ్చెం పెట్టబుద్ధి కాలే. అందుకే తుడిచిన. ఇది నా రాత, మాట బిడ్డదే. ఇప్పుడు సదువు. జర గట్టిగ, సైదమ్మకు ఇనవడాలె.”

పంతులు పలకను దీపం వెలుగుకు తిప్పాడు. ఆమె ఎదురుచూసింది. బడిలో పిల్లలకు చెప్పి రాయించేటప్పటి అదే నిదానపు గొంతుతో చదివాడు.

“ఇయ్యాల నేను తప్పు చేసిన. దప్పికైతున్నదని నాయినతోని కంప తీపిచ్చి పాతబాయి నీళ్లు తాగిన.”