రెండు వేల ఏళ్ల వంటిల్లు

"అక్కడ కాదమ్మడూ. ఇంకో జానెడు ఇటు తవ్వు. పొయ్యి తగుల్తుంది."

జ్యోతిర్మయి నవ్వుతూనే తవ్వింది.

తగిలింది!

మూడు గడ్డల మట్టిపొయ్యి. అందులో బూడిద కూడా ఉంది.

"ఎలా తెలిసింది ఆనందమ్మగారూ?"

"ఇన్నేళ్లు మట్టిలో పనిచేసినదాన్ని, ఆమాత్రం తెలీదా?" అంది ఆవిడ జల్లెడ ఊపుతూ. పక్కనే తట్ట మోస్తున్న గంగాదేవి ఏదో అనబోయి ఊరుకుంది.

జ్యోతిర్మయిది గుడివాడ. ఎమ్మే చరిత్ర చదువుతోంది. వేసవి సెలవుల్లో, కోడూరు దగ్గర, పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బ మీద పదిహేను రోజుల తవ్వకాల శిక్షణకి వచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో గుంట. ఆఖరి రోజు మచిలీపట్నంలో పెద్దలందరి ముందూ ఎవరి గుంట గురించి వాళ్లే మాట్లాడాలి. మిగతావాళ్లకి ఇటుకలూ పూసలూ దొరుకుతుంటే, ఈ పిల్ల గుంటలో వారం రోజులపాటు ఇసుకే వచ్చింది, పాపం.

ఆ ఇసుక కిందే ఇప్పుడీ పొయ్యి!

"సముద్రం పొంగి ముంచేసిన వంటిల్లు. రెండు వేల ఏళ్లది!" అని జ్యోతిర్మయి తేల్చేసింది. కాదనడానికి, తవ్వకాలు నేర్పే వీరేంద్ర సార్ ఊళ్లో లేరు, మూడు రోజుల పని మీద బందరు వెళ్లారు. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేసింది.

"నిజంగా అంత పాతదా అమ్మడూ?" అంది ఆనందమ్మ.

"మీ తాతల తాతలకి కూడా తెలీనంత!"

"అయితే నీకు మంచి పేరొస్తదిలే," అని ఆవిడ మురిసిపోయింది.

ఆనందమ్మ దినకూలీ. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. "తాపీని పెన్నులా పట్టుకుంటావేంటి?" అని ఈ పిల్ల వేళ్లు సర్దేది. ఎండ ముదిరితే తన తువ్వాలు తీసి నెత్తిన కప్పేది. శిబిరంలో పెట్టే సాంబారు చూసి జాలిపడి, రోజూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చేది. వంకాయ ఎండురొయ్యల కూర తెచ్చిన రోజు జ్యోతిర్మయికి మాటే వినిపించేది కాదు.

మర్నాడు పొయ్యి పక్కనే నల్లబడ్డ చెంబొకటి బయటపడింది. కాసేపటికి ఆనందమ్మ జల్లెడలోంచి ఏదో తీసి రొండిన దోపుకోవడం జ్యోతిర్మయి కంటపడింది.

"ఏంటది?"

"ఏం లేదులే."

"చూపించండి."

చిలుం పట్టిన చిన్న మువ్వ.

"ఇదొక్కటీ నాకిచ్చెయ్యమ్మడూ. నీకు చెంబు దొరికిందిగా."

"దీన్ని దొంగతనం అంటారు! నా గుంటకి మాటొస్తే ఎవరు పడతారు? రేపట్నుంచి పనికి రావద్దు."

అనేశాక తనకే చివుక్కుమంది. కానీ నోరు జారింది, ఇంకేం చేస్తుంది?

ఆనందమ్మ మువ్వని అరచేతిలో ఒకసారి దొర్లించి ట్రేలో పెట్టేసింది.

"క్యారేజీలో మావిడికాయ పప్పుంది. తినకుండా ఉండమాక," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మువ్వకి నంబరు చీటీ కట్టి, మిగతా చిన్న వస్తువులతో పాటు పరీక్షకి పంపేశారు. చెంబుని మాత్రం సార్ చూడ్డానికి ఉంచారు.

మరుసటి రోజు గుంటలో ఒంటరిగా కూర్చుంటే జ్యోతిర్మయికి ఏమీ తోచలేదు. గంగాదేవిని పిలిచి, "ఆవిణ్ణి రమ్మనండి, నేను సారీ చెప్తాను," అంది.

"రాదండీ. తనకి అభిమానం ఎక్కువ."

మధ్యాహ్నానికి వీరేంద్ర సార్ వచ్చారు. ఇత్తడి చెంబు చూడగానే నవ్వి, చింతపండుతో తోమమని గంగాదేవికిచ్చారు. మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తేలాయి.

'ఆనందమ్మ పెండ్లికి మేనమామ కానుక. 1975.'

జ్యోతిర్మయి ఆ పేరు మీద వేలు పెట్టి మళ్లీ చదివింది.

"ఇది డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన మేట వేసిన ఇసుకమ్మా," అన్నారు సార్ నెమ్మదిగా. "కొట్టుకుపోయిన ఊరు ఇక్కడిదాకా ఉందని నాకూ తెలీదు."

గంగాదేవి చెంబు కింద పెట్టింది.

"ఆ మువ్వ వాళ్ల చంటోడి మొలతాటిదండీ. పిల్లాడు దొరకనే లేదు."

"మీకు ముందే తెలుసా? మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?" జ్యోతిర్మయికి ఏడుపు ఆగలేదు.

గంగాదేవి కూడా కొంగుతో కళ్లొత్తుకుంది.

"'అది నా ఇల్లని చెప్పమాకండే, రెండు వేల ఏళ్లదని ఆ పిల్ల మురిసిపోతంది' అని మా అందరిచేతా ఒట్టేయించుకుందండీ."