ముప్పై ఆరు పేజీల పిచ్చి

"ఇది పిచ్చి కాదయ్యా, కాపురం" అంటూ లాయరు కాగితం తిరిగిచ్చేశాడు.

ఫ్రిజ్ మెకానిక్ తెల్లబోయాడు. ఆదివారమంతా కూర్చుని పెళ్లాం గురించి తొమ్మిది పాయింట్లు రాసుకొచ్చాడు మరి. తనలో తాను మాట్లాడుకుంటుంది. ఊరికే తలుపులు బాదుతుంది. మొగుణ్ని చూసి నవ్వదు.

"ఈ మూడూ మా ఇంట్లోనూ ఉన్నాయి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోకూడదూ?" అన్నాడు లాయరు.

"ఒప్పుకోవడమా? ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా అన్నదే పద్నాలుగేళ్లుగా తేల్లేదండీ."

"అయితే పిచ్చే దిక్కు."

హిందూ వివాహ చట్టంలో పిచ్చికి చోటుంది. కానీ మామూలు పిచ్చి చాలదు. నయంకానిదన్నా అయ్యుండాలి, పక్కన మనిషన్నవాడు బతకలేనంత ముదిరన్నా ఉండాలి. ఆ మాటే చెప్పి పంపాడు లాయరు.

"తేదీలతో సహా శుభ్రంగా టైపు చేయించుకురా. జడ్జిగారు కొట్టేస్తే మాత్రం మళ్లీ నా గడప తొక్కకు."

మెకానిక్ తిన్నగా జిరాక్సు షాపుకెళ్లాడు. అక్కడి టైపిస్టు పన్నెండేళ్లుగా ఊళ్లో సగం తగాదాలను టైపు చేసిన మనిషి. ఏ ముక్క కోర్టులో నిలబడుతుందో, ఏది పడిపోతుందో లాయర్లకన్నా ఆవిడకే బాగా తెలుసు. తన పనికి ఎవరైనా వంక పెడితే ఆ పూట ఆవిడకు ముద్ద దిగదు.

కాగితం చూసి పెదవి విరిచింది.

"తలుపులు బాదడం తీసేద్దాం. జడ్జిగారు నవ్వుతారు. గోడగడియారాన్ని సబ్బుపెట్టి ఉతికిందని రాద్దాం."

"అలాంటిదెప్పుడూ చెయ్యలేదే!"

"చేస్తుందిలెండి."

వెనక జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరు "పాపం" అనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ మళ్లీ దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"కొట్టు. నిన్న సాయంత్రం గడియారం ఉతికింది. దండెం మీద ఆరేసి రెండు క్లిప్పులు కూడా పెట్టింది."

"పక్కింటావిడ ఏమంది?"

"'అయ్యో, ముదిరిపోయింది' అంది. సాక్ష్యానికి కూడా వస్తానంది."

టైపిస్టు మొదటిసారి నవ్వింది. వేళ్లు టకటకా పరిగెత్తాయి.

నెల రోజులు అదే వరస. వీధిదీపం తడుస్తోందని గొడుగు పట్టింది. చెప్పులకు జోల పాడింది. రిపేరుకొచ్చిన ఫ్రిజ్‌కి చలి జ్వరమని రెండు దుప్పట్లు కప్పింది. అన్నీ తేదీలతో సహా పిటిషన్‌లోకెక్కాయి. ఇక చాల్లే అని మెకానిక్ మొత్తుకున్నా వినకుండా టైపిస్టు ప్రతి పేజీ మూడేసిసార్లు సరిచూసింది.

"ఇది గానీ పోయిందా, చచ్చేదాకా ఇదే కాపురం" అంది.

మొత్తం ముప్పై ఆరు పేజీలు తేలాయి.

కోర్టులో మెకానిక్ పెళ్లాం జుట్టు విరబోసుకుని బోనెక్కింది. పేరేంటని అడిగితే "పావుతక్కువ ఎనిమిది" అంది. డాక్టరు ఆరు ప్రశ్నలడిగితే, ఆరింటికీ "గడియారం ఇంకా ఆరలేదు" అన్న ఒక్క జవాబే వచ్చిందట. ఆయన అక్కడికక్కడే సర్టిఫికెట్ రాసిచ్చేశాడు. పక్కింటావిడ సాక్ష్యం చెబుతూ ముక్కు చీదింది.

జడ్జిగారు నిట్టూర్చి పెన్ను మూత తీశారు. పద్నాలుగేళ్లు ఇంకొక్క సంతకంతో వదిలిపోతాయి.

ఎందుకోగానీ ఆయన మళ్లీ పిటిషన్ తిరగేశారు.

"నా ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన పిటిషన్ చూడలేదు. ఒక్క కొట్టివేత లేదు. ఎవరయ్యా దీన్ని టైపు చేసింది?"

"మా గుమాస్తానేనండీ!" లాయరు ఇకిలించాడు.

బోనులో ఉన్న పిచ్చిది చటుక్కున జుట్టు ముడేసుకుని, "అబద్ధమండీ, ఆ ముప్పై ఆరు పేజీలూ టైపు చేసింది నేను" అంది.