ఏడో మెట్టుకు ఆధారం

గ్రంథాలయం మూసేశాక గ్రంథపాలకురాలు ఒంటరిగా కంప్యూటరు ముందు కూర్చుంది. అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ‘కిర్రుమనే మెట్లు’ అని ఒక పనికిమాలిన వ్యాసం ఉంది. దానికి ఒక వాక్యం చేర్చింది: ‘మా గ్రంథాలయంలో పైనుంచి ఏడో మెట్టు దిగేటప్పుడే కిర్రుమంటుంది.’

నిమిషం తిరక్కుండా ఎవరో తీసేశారు. కారణం: ‘ఆధారం ఏదే, పిల్లా?’

ఆమె ఆ మాటను మళ్లీ చదివింది. ఆ వ్యాసం మొదలుపెట్టింది అన్నయ్య. ఆమె ఏం రాసినా సరిగ్గా ఈ మాటే అని తీసేసేవాడు. అన్నయ్య పోయి ఏడాదయింది.

‘అయితే నువ్వే దిగి చూడు,’ అని రాసింది.

పై అంతస్తుకు తాళం వేసింది తనే. అయినా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. ఏడో అడుగుకు కిర్రుమంది. భయం ఎటు పోయిందో, నవ్వు ముంచుకొచ్చింది.

‘చెవులారా విన్నాను. చాలా?’

‘సొంతంగా విన్నది చెల్లదు. ఏదైనా పుస్తకంలో అచ్చయి ఉండాలి.’

“పోయినా నీ చాదస్తం పోలేదు కదరా అన్నయ్యా,” అంది పైకే.

మెట్ల చీకట్లో ఒక పుస్తకం దబ్బున పడింది.

దీపం కూడా వేయకుండా, చిన్నప్పటిలా, అటు పరుగెత్తింది.